దురద బిళ్ళ మత్తనుకున్నాను

"కాసేపు పడుకుంటానే, మత్తుగా ఉంది."

"బిళ్ళ వేసుకుంటే మత్తు రాదా మరి! పడుకో, అన్నం వేళకి లేపుతాలే."

మా ఆయనకూ నాకూ అవే ఆఖరి మాటలు. దర్శి దగ్గర మా పల్లెలో, పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు, పట్టపగలు. నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

ఆయనకు వీపున, మోచేతుల దగ్గర చర్మం పగిలి రసి కారేది. పొద్దస్తమానం గోకుడే. ఊళ్ళో డాక్టరు ఒక ట్యూబూ, రాత్రికి వేసుకోమని దురద బిళ్ళలూ ఇచ్చాడు. ఓర్వలేక బిళ్ళ పగలు కూడా వేసుకునేవాడు. ట్యూబు రాస్తే రెండు రోజుల్లో మానేది, ఆపితే నాలుగింతలై లేచేది. చివరికి ఒంగోలు వెళ్ళాం. చర్మం డాక్టరు ఆ ట్యూబు చూసి పక్కన పడేశాడు. "ఇది రాసి రాసి తోలు పల్చబడిందయ్యా. వేరే ఆయింట్‌మెంటు ఇస్తా. తగ్గిందాకా పురుగుమందు జోలికి పోవద్దు."

"తగ్గిందాకా ఆగమని పురుక్కి ఎవరు చెబుతారండీ?" అన్నాడు మా ఆయన. డాక్టరు కూడా నవ్వాడు.

అప్పుడే అక్కడి ముక్కు డాక్టరుకు నా ముక్కూ చూపించుకున్నాను. రెండేళ్ళుగా నాకు ఏ వాసనా తెలియదు. మిరప కల్లంలో అందరూ తుమ్మి చస్తుంటే నేను నిమ్మళంగా కూర్చుని కాయలు ఏరేదాన్ని. "ముక్కు ఎవరికి కౌలుకిచ్చావే అక్కా?" అని ఏడిపించేవాళ్ళు. లోపల కండ పెరిగిందని, రోజూ ముక్కులో కొట్టుకోమని ఒక సీసా ఇచ్చారు. నెలల తరబడి వాడితే వాసన రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు. పది రోజులు కొట్టుకుని మానేశాను. కళ్ళా, కాళ్ళా, ముక్కేగా అనుకున్నాను.

ఆ రోజు ఆయన పత్తికి మందు కొట్టి వచ్చి, కాళ్ళు కూడా కడగకుండా మంచం మీద వాలాడు. వీపున మోసే డబ్బా కారిందనీ, పుండ్లలోంచి విషం ఒంట్లోకి దిగిందనీ తర్వాత తెలిసింది. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను. నోటి వెంట చొంగ కారుతుంటే నిద్ర బాగా పట్టిందనుకున్నాను. ఇంతలో మా ఆడబిడ్డ గడపలోకి వస్తూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందొదినా ఈ కంపు! పురుగుమందు ఒలికిందా ఏంది?"

లేపితే లేవలేదు. ఆటో ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

ఇప్పటికీ ఆ మంచం దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తాను. ఏమీ రాదు. ముక్కు పనిచెయ్యక మొగుణ్ణి పోగొట్టుకుందని ఊరంతా జాలిపడుతుంది. నేనూ ఊ కొడతాను. కానీ ఆ రోజు తలగడ సర్దబోతూ ఆయన వీపు కింద చెయ్యి పెట్టాను. చొక్కా తడిసి ముద్దగా ఉంది. చెమటేలే అనుకుని చెయ్యి చీరకు తుడుచుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏమ్మా, ఆపావేం? ఏడవబాక. చెయ్యి పెట్టానన్నది రాశావా, లేదా? చదువు, వింటాను.