మంచం మీద పేషెంటు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు; ఆ తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోతూ వచ్చింది. ఆ రోజుల్లోనే కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోములో ఇన్సూరెన్స్ ఫారాలు నింపే ఉద్యోగం దొరికింది. దానికే నాకు కొమ్ములొచ్చాయి. మా పెద్దమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలగానే, "నేనున్నానుగా, పైసా కట్టకుండా ఆపరేషన్ చేయిస్తాను" అని మా క్వార్టర్స్ అంతా వినేలా చెప్పేశాను. (పాలసీ ఇచ్చింది వాళ్లబ్బాయి పనిచేసే కంపెనీ. అందులో నా గొప్పేమీ లేదు.)

మా నర్సింగ్ హోములోనే చేర్పించాను; మర్నాడే ఆపరేషన్. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటేనే థియేటర్లోకి తీసుకెళతారు. ఒప్పుకునే ముందు పేషెంటును కళ్లారా చూసి రమ్మని ఒక బెంగాలీ ఆయనను పంపారు. "రండి దాదా" అంటూ ముందు నడిచి, దర్జాగా తెర పక్కకు లాగాను. మంచం మీద మా పెద్దనాన్న గొంతు దాకా దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు. పక్కనే స్టూలు మీద పెద్దమ్మ, చేతికి సెలైన్ సూదితోనే, కమలా పళ్లు ఒలుస్తోంది. ఆయన ఫారం తీసి "స్త్రీ, యాభై ఆరు" అని చదివి, పెద్దనాన్న మీసాల వంక చాలాసేపు చూశాడు.

"ఇదేటి పెద్దమ్మా?" అన్నాను.

"ఏటేటే? మీ పెద్దనాన్న చీకటితో లేచి, రోడ్లూడ్చే డ్యూటీ సేసి ఇటే వచ్చినాడు. ఆయన స్టూలు మీద కూకుంటే నాను మంచమ్మీద తొంగుంటానేటి? సూసినోలు ఏటనుకుంటారు?"

చూసినాయన ఏమనుకున్నాడో అప్పటికే రాసుకుంటున్నాడు: ఒకరి పాలసీ మీద ఇంకొకరికి వైద్యమని. ఆపరేషన్ ఆగిపోతుందేమోనని నిజంగా భయమేసింది. పెద్దమ్మ రాత్రుళ్లు నొప్పితో మెలికలు తిరగడం నేను చూశాను. ఆమె చెప్పిందంతా బెంగాలీలో గబగబా ఆయనకు వినిపించాను. (పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న బెంగాలీయే, ఆ పూట మాత్రం నత్తి వచ్చింది.) ఇంతలో పెద్దమ్మ "ఖావ్ బాబా" అంటూ ఆయన చేతిలో నాలుగు కమలా తొనలు పెట్టింది. ఆయన వాటిని అందుకుంటూ ఆమె మణికట్టుకు ఉన్న పేరు పట్టీని చదివాడు. "మా అమ్మా ఇంతే, దిదీ. ఒళ్లు కాలిపోతున్నా నాన్న తిన్నాకే పడుకునేది" అని నాతో చెప్పి, రాసింది కొట్టేశాడు. "కానీ నేను వెళ్లేలోపు ఈవిడ మంచమెక్కాలి" అన్నాడు. పెద్దనాన్నను లేపడానికి ఆయనా నేనూ ఒక పట్టు పట్టాల్సి వచ్చింది. సాయంత్రానికి అనుమతి వచ్చింది, మర్నాడు రాళ్లు బయటపడ్డాయి.

ఇన్నేళ్లూ ఈ సంగతి చెప్పి పెద్దమ్మను ఏడిపిస్తూనే ఉన్నాను. పోయిన నెల నా మోకాలికి ఆపరేషన్ అయ్యి, అదే నర్సింగ్ హోములో పడుకున్నాను. హౌరా నుంచి బస్సులో నిలబడి వచ్చిన మా ఆయన స్టూలు మీద జోగుతున్నాడు. "కాసేపు నడుం వాల్చండి" అంటూ కుంటుకుంటూ దిగాను. ఇంజక్షన్‌తో వచ్చిన నర్సు మంచం దగ్గర ఆగి, చేతిలోని కాగితం మళ్లీ చదువుకుంది. నాకు నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. పెద్దమ్మకు ఈ ముక్క ఇంకా చెప్పలేదు.

"పేషెంటు ఇక్కడ, సిస్టర్" అన్నాను స్టూలు మీద నుంచి, చేయి చాపుతూ.