అవ్వ ఊపిరి కోసం ఆగే డోలక్

పొద్దున ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒకాయన వేళ్లు కనబడనంత వేగంగా డోలక్ వాయిస్తున్నాడు. కింద అన్నీ చప్పట్ల బొమ్మలే. నాకు మాత్రం కడుపు మండింది.

మన ఈడువాళ్లకు శనివారం భజన గుర్తుండే ఉంటుంది కదా. కర్పూరం వాసన, అటుకుల ప్రసాదం, అరిగిపోయిన కంచు తాళాలు. బోథ్ దగ్గర మా ఊళ్లో అవ్వ, అంటే మా అమ్మ, పాడేది; బాపు, మా నాన్న, డోలక్ వాయించేవాడు. అవ్వకు ఆయాసం. చరణం చివర ఆమె ఊపిరి తీసుకునేదాకా బాపు అరచేతిని తోలు మీద ఆనించి ఆగేవాడు.

"జర జోరుగ కొట్టరాదే" అని ఎవరైనా అంటే, "పాడెటామెకు ఊపిరి అందాలె గద" అనేవాడు.

వేములవాడలో భజన పోటీకి వెళ్తే, డోలక్ మధ్యమధ్య ఆగుతోందని జడ్జి మార్కులు కోసేశాడు. షీల్డు గెలిచిన జట్టు మోతలో పాట ఒక్క ముక్క వినబడలేదు.

ఊరికి రాగానే మా భజన పెద్ద ఇచ్చోడ నుంచి డోలక్ వాయించే కొత్తాయనను తెచ్చాడు. "ఏమనుకోకు అన్నా, గిప్పుడు గిట్లనే నడుస్తుంది" అని బాపు చేతిలో తాళాలు పెట్టాడు.

ఆ శనివారం రెండో చరణంలో అవ్వకు ఊపిరి అందక పాట ఆగిపోయింది. డోలక్ ఆగలేదు. అందరూ అతని వేళ్లనే చూస్తూ ఈలలు వేస్తున్నారు. బాపు తాళాలు కింద పెట్టి, "ఇంటికి పోదాం పా" అన్నాడు. అవ్వ మళ్లీ పాడలేదు.

పొద్దుటి వీడియో ఇంకోసారి పెట్టి విన్నాను. వెనక ఎవరో ఆడమనిషి పాడుతోంది. ఆమె ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు.