కిటికీ పక్క కుర్చీలో నా కర్చీఫ్

మైపాడు రోడ్డులో మా వీధి చివర ఉన్న సంగీతం హాలు ఇవాళ్టితో మూతపడింది. శనివారం కచేరీలకు జనం రావడం లేదట. "ఈ ఊళ్ళో వినే చెవులే లేవు" అని పొద్దున ఇక్కడే మండిపడుతూ పోస్టు పెట్టాను.

సాయంత్రం ఆఖరి కచేరీకి వెళ్తే నిలబడటానికి కూడా చోటు లేదు. వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని చిరాకేసింది. గాలి తగిలే కిటికీ పక్క కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. దాని మీద నీలం గళ్ళ కర్చీఫ్. హాలు చూసుకునే పెంచలయ్యన్న దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"మీదే సార్. బస్సులో మాదిరి ఇదేసి సీటు పట్టిపెట్టన్నా అని మీరే గదా ఇచ్చినారు."

"నేను రాక నాలుగేళ్ళయింది కదన్నా!"

"ఏదో పనుండి ఆగుంటారనుకున్నా. ప్రతి శనివారం వేస్తానే ఉండా. ఉతికే వేసినా లే సార్."

పనీ లేదు, పాడూ లేదు. హాలుకీ మా ఇంటికీ మధ్య ఆరిళ్ళు. మంచం మీద ఫోన్ చూసుకుంటూ, అక్కడి వయొలిన్ చెవిన పడ్డప్పుడల్లా "వచ్చే వారం వెళ్దాంలే" అనుకునేవాణ్ణి.

ఆ కుర్చీలో కూర్చోవడానికి మొహం చెల్లలేదు. గోడకానుకుని నిలబడ్డ ఒక పెద్దావిడను అందులో కూర్చోబెట్టి, కచేరీ అంతా నిలబడే విన్నాను. ఇంటికొచ్చి పొద్దుటి పోస్టు తీసేశాను.

మీ కర్చీఫ్ కూడా ఎక్కడైనా ఏ కుర్చీ మీదైనా ఉండిపోయిందేమో, ఒకసారి గుర్తు చేసుకుని చెప్పండి.