రొట్టె చప్పుడు ఆగినప్పుడు

పోయిన వారం వనపర్తి దవాఖానలో చెవి డాక్టరు మా ఆవిడను కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. ఆమె చెయ్యి చాలాసేపు ఒళ్లోనే ఉండిపోయింది. పక్కనున్న నాకు బాధ కలిగింది, కాదనను, కానీ అంతకన్నా ముందు ఆ చెవులను చూసి నేను ఏళ్ల తరబడి కుళ్లుకున్న సంగతి గుర్తొచ్చి తల వంచుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాన్‌గల్‌లో మా ఇంటి వాకిలే నా షెడ్డు. పాత లారీ ఒకటి ఉండేది, దానికి ఓనరూ డ్రైవరూ మెకానిక్కూ అన్నీ నేనే. చుట్టుపక్కల ఎవరి బండి మొరాయించినా మా వాకిట్లోకే తోలుకొచ్చేవారు. నేను ఇంజను నడుస్తుండగానే ఒక్కో డీజిల్ పైపు నట్టూ వదులు చేసి, ఏది వదిలితే చప్పుడు మారడం లేదో చూసుకుంటూ జబ్బు పట్టుకునేసరికి అరగంట దాటేది. మా ఆవిడేమో లోపల జొన్నరొట్టె కొడుతుండేది. ఆ టపటప ఉన్నట్టుండి ఆగిందంటే ఆమె వింటున్నదని అర్థం, నా చేతిలో పానా కూడా ఆగేది. "అది పంపు కాదు, టాపెట్లు వదులైనయి సూడు" అని ఒక కేక, మళ్లీ టపటప. ఇంజను పైమూత విప్పి చూస్తే అదే అయ్యేది!

కోడేరు ఊరి డ్రైవరొకడు ఒకసారి బండి ఆపీ ఆపకముందే "అన్నా, జర అక్కను ఇనమను" అన్నాడు. పైకి నవ్వాను గానీ, పదిహేనేళ్లు గ్రీజులో మునిగిన నాకు లేని పేరు, పానా చేత పట్టని మనిషికి వస్తున్నదే అని రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

ఆ ఏడే మా చిన్నాన్న పల్లికాయ బస్తాలు గద్వాల మార్కెట్టుకని నా లారీలో వేసుకున్నాం. ఇంజను స్టార్టయి, నాలుగు నిమిషాలు ఊగి ఊగి ఆగిపోయింది. లోపల రొట్టె చప్పుడూ ఆగింది. పిండిచేతులతోనే గడప దాకా వచ్చి, "బండికి ఎక్కిళ్లొస్తున్నయి. యాడనో గాలి మింగుతుంది, పైపుల కాడ సూడు" అన్నది. "కోడలు చెప్తుంది గదరా, సూడరాదు" అన్నాడు చిన్నాన్న. ఆ మాట అనకపోయి ఉంటే చూసేవాణ్నేమో. డీజిల్ పంపే పోయిందని మొండికేసి, దాన్ని ఊడదీసి బాగుచేయించడానికి మహబూబ్‌నగర్ పట్టుకుపోయాను.

రెండో రోజు వాన పడింది. పైన కప్పిన చిరుగుల తాడిపత్రి పట్టా కింద బస్తాలు తడిసిపోయాయి. నేను పంపుతో తిరిగి వచ్చేసరికి చిన్నాన్న కాయను వాకిట్లో ఆరబోసి కూర్చున్నాడు. మా ఆవిడ పక్కనే నల్లబడ్డవి ఏరుతున్నది. పంపు బిగిస్తే అవే ఎక్కిళ్లు. ఆమె నీళ్లకు పోయిన సందు చూసుకుని పైపు జాయింటు విప్పాను. రాగి వాషరు వెంట్రుకంత చీలి ఉంది, గాలి మింగుతున్నది అక్కడే. గప్‌చుప్‌గా కొత్తది వేసి, పాతది జేబులో దాచి, పంపు బాగుచేయించాకే బండి దారికొచ్చిందని అందరికీ చెప్పాను.

సాయంత్రం ఇంజను నడిపిస్తుంటే లోపల రొట్టె చప్పుడు ఒక్క క్షణం ఆగింది. నేను కేక కోసం ఎదురుచూశాను. ఏ కేకా రాలేదు, మళ్లీ టపటప మొదలైంది. ఆ తర్వాత మా వాకిట్లో ఎన్ని బండ్లు దగ్గినా ఆ చప్పుడు ఇంకెన్నడూ ఆగలేదు. కోడేరు డ్రైవరు వచ్చి అడిగితే "నాకేం తెల్వదు, ఆయన్నే అడుగు" అన్నది. నేను కోరుకున్నది అదే. అయినా నా కుళ్లు తీరలేదు, ఆమె ఏం విని ఊరుకుంటున్నదో తెలియక ఇంకా ఎక్కువైంది.

లారీ ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఇప్పటి బండ్లకు చిన్న డబ్బా తగిలిస్తే జబ్బు పేరు తెర మీద అదే చూపిస్తుంది, చెవులతో ఎవరికీ పనిలేదు. మా ఇంట్లో రొట్టెలు కూడా జొన్నరొట్టెలమ్మే సెంటర్ నుంచి కొనుక్కొచ్చినవే. ఆ వాషరు మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, చూపించి ఆ రోజు నీ మాటే నిజమని చెప్పాలని ఉంటుంది. ఇన్నేళ్లూ ఆమె పక్కన కూర్చుని గుసగుసగా చెప్పినా సరిపోయేది. ఇప్పుడు ఆమెకు వినబడాలంటే వీధి వీధంతా వినేట్టు అరవాలి.