పూతకొచ్చిన తోట

ఊరూరా జనం కక్షలతో రెండు పార్టీలుగా చీలిన రోజులవి. పులివెందులలో ప్రొద్దుటూరు బస్సెక్కి, డ్రాయింగు క్లాసులో పిల్లలకు చూపిద్దామని కొన్న పోస్టుకార్డులు ఒడిలో పెట్టుకుని చూస్తున్నాను. అన్నింటి మీదా ఒకటే బొమ్మ. పేరుమోసిన విదేశీ చిత్రకారుడు వేసిన, పూతకొచ్చిన తోట. పక్కసీటు పెద్దాయన ఒక కార్డు అందుకుని చాలాసేపు చూశాడు.

"ఈ తోట ఏ పార్టీ వాళ్లదప్పా?"

నాకు ఒళ్లు మండింది. బొమ్మకు కూడా పార్టీ అంటగడతారా వీళ్లు?

"ఏ పార్టీదీ కాదు. ఇది బొమ్మ" అన్నాను.

"అందుకే నిలబడుండాది. నా చీనీ తోట పోయిన నెల నరికేసినారు. కాయ మీదున్న చెట్లు. ఎనిమిదేండ్లు బిడ్డల మాదిరి సాకినా."

నా కోపం ఆయన్ని వదిలి నరికినవాళ్ల మీదికి మళ్లింది.

"చేతులెట్లొచ్చినాయి వాళ్లకు?" అన్నాను.

"రాకేమప్పా. ముందటేడు వాళ్ల తోట మేం నరకలేదా."

దుక్కి దున్నిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. చెబుతూనే బొమ్మలోని చెట్ల మొదళ్ల మీద బొటనవేలితో అడ్డంగా గీత గీశాడు.

"ఈడ గొడ్డలి ఏస్తే మళ్ల చిగురు రాదు."

కార్డు లాక్కున్నాను. దిగేదాకా ఆయన ముఖం చూడలేదు.

ఆ కార్డులు ఏటా పిల్లలకు చూపిస్తూనే ఉన్నాను. వాళ్లు పూత చూస్తారు. నా కళ్లు మాత్రం ఇప్పటికీ ముందుగా చెట్ల మొదళ్ల మీదికే పోతాయి.