పెల్కీ మాస్టారి రహస్య ఒప్పందం

పెల్కీ మాస్టారికి కాఫీలో పాలు పోసుకున్నా రాజ్యాంగమే గుర్తొస్తుంది. వెర్మాంట్‌లోని ఆ చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి పౌరశాస్త్రం చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, పాఠం రిటైర్ కాలేదు. ఇప్పుడది డాటీ హోటల్లో, కౌంటర్ దగ్గర చివరి స్టూలు మీద నడుస్తోంది.

ఇద్దరు ట్రక్కు డ్రైవర్లు సాస్ సీసా కోసం కొట్టుకుంటుంటే, వాళ్ల మధ్య కూర్చున్న మూడోవాడు తల దించుకుని బేకన్ తింటున్నాడు. మాస్టారు వంటగది కిటికీ వైపు తిరిగారు.

"ఎవరి గొడవలోనూ తలదూర్చని దేశాన్ని ఏమంటారు, ఎల్వీరా?"

"తటస్థ దేశం, మాస్టారూ!" హోండురాస్ నుంచి వచ్చిన వంటమనిషి ఎల్వీరా లోపలి నుంచి అరిచింది.

మాస్టారికి షుగరు. అయినా రోజూ ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం అడుగుతారు. డాటీ రోజూ ప్లేటు లాగేస్తుంది.

"ఇదేమిటి, ఎల్వీరా?"

"వీటో!"

"దాన్ని కొట్టెయ్యాలంటే?"

"మూడింట రెండు వంతుల ఓట్లు!"

అక్కడికక్కడే ఓటింగ్ పెట్టారు. డ్రైవర్లందరూ డాటీ వైపే చేతులెత్తారు.

ఒకరోజు ఈ ప్రశ్నల మధ్య పెనం మీది పాన్‌కేకులన్నీ మాడిపోయాయి. డాటీకి ఒళ్లు మండింది. "మాస్టారూ! రేపట్నుంచి నా గడప తొక్కొద్దు!"

"దీన్ని ఆంక్షలు అంటారమ్మా, ఎల్వీరా," అని మాస్టారు టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు.

తర్వాతి వారం ఎల్వీరా ఒక రోజు సెలవు పెట్టి, సాయంత్రానికి పరుగున వచ్చింది. "పౌరసత్వం పరీక్ష పాసయ్యాను! వీటో అంటే ఏంటన్నాడు ఆఫీసరు. డాటీ ప్లేటు లాగెయ్యడం అన్నాను."

"నా కర్మ!" డాటీ నెత్తి కొట్టుకుంది.

"డాటీ ఎవరన్నాడు. ప్రెసిడెంటు అన్నాను. పడీపడీ నవ్వాడు." ఎల్వీరా కళ్లు తుడుచుకుంది. "పుస్తకం తెరిస్తే నిద్రొచ్చేస్తుందని మాస్టారి దగ్గర ఏడ్చాను. ఫెయిలైతే నలుగురూ నవ్వుతారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. ఆయన లేకపోతే నాకీ దేశం దక్కేది కాదు."

డాటీకి చాలా సిగ్గేసింది. వెంటనే ఫోన్ చేసి మాస్టారిని రప్పించింది.

"ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"రహస్య ఒప్పందం, డాటీ. మాట తప్పితే రేపు మనతో ఒప్పందం ఎవరు చేసుకుంటారు?"

డాటీ ఆయన ముందు ‘ఆపిల్ పై’ ప్లేటు పెట్టింది. "ఆంక్షలు ఎత్తేశాను."

"సగం ముక్కేనా?"

"దీన్ని రాజీ అంటారు."

మాస్టారు ఆశగా కిటికీ వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా, ఎల్వీరా! ఇది న్యాయమేనా?"

"నాకూ ఓటు వస్తోంది కదా, మాస్టారూ! నా మొదటి ఓటు డాటీకే!"

ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదనుకుంటూ, మాస్టారు నవ్వుతూ ఫోర్కు అందుకున్నారు.