ఎంగిలి గరిటె

హ్యూస్టన్‌లో ఏ తెలుగింట శుభకార్యమైనా పులిహోర బాలమణిదే. వండుతూ రుచి చూడడమంటే ఆవిడకి మహాపాపం; ఉప్పు వాసనతోనే కనిపెట్టేస్తుంది. అందరి భోజనాలూ అయ్యాక, చల్లారి మిగిలిందేదో తను తింటుంది.

కూతురు మృదుల తమ ఇద్దరికీ గాల్వెస్టన్ దీవిలో ఫుడ్ వాక్, గ్రీకు వంట క్లాస్ బుక్ చేసింది. వీధులన్నీ తిరిగి, కొట్టుకొట్టునా ఆలివ్‌లు చప్పరించి క్లాస్ జరిగే వంటింటికి చేరారు. బాలమణి తను కాచిన చిక్కుడుగింజల సూప్ దించబోతుంటే, టీచరైన ఎలెనీ అనే గ్రీకు బామ్మ గరిటెతో ఓ గుక్క తాగి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో ముంచింది.

బాలమణి కూతురి చెయ్యి పట్టుకు లాగింది. "ఎంగిలే! ఈవిడకి బుద్ధుందా?"

"అమ్మా, ఇక్కడ టేస్ట్ చేయకుండా దించరు."

ఎలెనీ ఆ గరిటెనే బాలమణి నోటికి అందించింది. తిట్టడానికి తెరిచిన నోట్లోకి సూప్ జారింది.

బాలమణి గుటక వేసి, మృదుల వైపు తిరిగింది.

"వేడివేడిగా నా వంట ఇంత రుచిగా ఉంటుందా? ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమే?"